పసుపు బండ

“కడగాకు పాపా! ఆ బండను కడగాకు!”

కంకర క్వారీ గట్టు మీద నుంచి ఒక ముసలామె అరుచుకుంటా దిగింది. పేరు గంగక్క.

శివజ్యోతి వింటేగా! బండకున్న పసుపూ కుంకుమా నీళ్లు పోసి, బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగేసింది. రీసెర్చ్ చేస్తున్న పిల్ల మరి, ఒకరు చెబితే ఆగుతుందా?

పసుపు కింద నుంచి రాతిలో చుట్లు తేలాయి. ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు, ఒకదాంట్లో ఒకటి.

శివజ్యోతి కండ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగేండ్లుగా వెతుకుతున్నది దీనికోసమే.

కడప వైపు వేంపల్లె కొండల్లో ఇలాంటి పొర ఒకటుంది. కర్నూలు వైపు దాని జోడీ దొరికితే, రెండు జిల్లాల కిందా పరుచుకున్నది ఒకే సముద్రం అడుగని చూపించొచ్చు. కానీ ఈ వైపు గుట్టల్ని క్రషర్లు మింగేశాయి. బేతంచెర్ల దగ్గర ఈ ఒక్క గోడే మిగిలింది.

“అవ్వా, ఇది దేవుడు కాదు. ఒకప్పుడు ఇదంతా సముద్రం. ఆ సముద్రంలో నాచు గట్టిపడి రాయయింది.”

“దేవుడని నేనంటినా?”

“మరి ఈ పసుపెందుకు?”

“నువ్వు యాడ నుంచి వచ్చినావో అది చెప్పు ముందు.”

“ఎక్కడి నుంచైతే నీకెందుకవ్వా! రేపు మా సారొచ్చి పైనా కిందా పొరలన్నీ కొలవాలి. అంతదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మళ్లీ పసుపు పూశావంటే పోలీసులకు చెప్తా.”

పోలీసులనేసరికి ముసలామె రెండడుగులు వెనక్కి వేసింది.

“కడిగితే బండ నిలబడదమ్మా,” అని మాత్రం గొణిగింది.

“నీళ్లకు బండ కరిగిపోతుందా?”

శివజ్యోతి నవ్వి, చుట్లకు దగ్గరగా రెండు ఫోటోలు తీసుకుని బస్సెక్కింది. ఆ రోజు అమావాస్య. క్వారీలో పనోళ్లెవరూ లేరు, చెప్పిపోదామన్నా.

మర్నాడు పది గంటలకు సారుతో వచ్చేసరికి గోడ లేదు. దుమ్ము ఇంకా లేస్తానే ఉంది.

శివజ్యోతి పరుగెత్తి మేస్త్రీ దేవేంద్రప్పను పట్టుకుంది.

“ఎందుకు పేల్చారన్నా? ఇన్నేండ్లు ముట్టుకోనోళ్లు ఈ రోజే ఎందుకు పేల్చారు?”

“ఇన్నేండ్లూ ఈడ అమ్మోరు ఉండె మేడం. పొద్దున చూస్తే పసుపు లేదు, కుంకుమ లేదు. అమావాస్య నాడు అమ్మ లేచి వేరే తావుకు పోయిందనుకుంటిమి. గంగక్క అడ్డం పడుకునె. ఎత్తి పక్కన కూర్చోబెట్టి పేలిస్తిమి.”

“అయ్యో, ఎంత పని జరిగిపోయింది!”

సారు రెండు ముక్కలు తిప్పి చూసి కింద పడేశాడు.

“ఈ ముక్కలతో ఏం చేసుకుంటామమ్మా? ఏ పొర మీద ఏ పొర ఉందో గోడ కదా చెప్పాలి.”

గంగక్క రాళ్ల కుప్ప పక్కన కూర్చోనుంది. శివజ్యోతి పోయి ఆమె పక్కన కూలబడింది. ఏడుపు ఆగడం లేదు.

“తప్పయిపోయిందవ్వా. నీ అమ్మవారిని నేనే పోగొట్టాను.”

“ఏ అమ్మోరూ లేదు పాపా. అమ్మోరంటే వీళ్లు ముట్టరని నేనే పూస్తా వస్తి. ఇరవై రెండేండ్లు.”

“ఎందుకవ్వా?”

“అప్పుడొక సర్వే సారు వచ్చి ఈ బండ కొలిచేకి మొదలుపెట్టె. జబ్బు చేసి నడుమనే పాయె. పోయే ముందు, కడప తట్టు నుంచి ఎవరన్నా వస్తారు, అంతవరకూ దీన్ని కాపాడు గంగక్కా అనె. అందుకే నిన్ను అడిగితి, యాడ నుంచి అని.”

శివజ్యోతి వచ్చింది కడప నుంచే.

“ఆయన నీకే ఎందుకు అప్పజెప్పాడు?”

“మాది వేంపల్లె తట్టు పాపా. మా పుట్టినింటి ఎనకాల బండా, ఈ బండా ఒగటేనని ఆ సారుకు మొట్టమొదట చూపించిండేది నేనే.”