బ్రేకు మీద కాలు

"ముందు కారు ఆగితేనే కనబడనివాడివి, నీకు వైర్లేం కనబడతాయిరా?" అన్నాను బావమరిదితో. పోయిన వారం నా కారునే వెనకనుంచి గుద్దిన ఘనుడు. ఇవాళ ఇంటిముందు నేను కారు క్రూజ్ కంట్రోల్, అదే, పెడల్ తొక్కకుండానే ఒకే వేగంతో నడిపించేది, బాగుచేసుకుంటుంటే సలహాలకు దిగాడు.

వాడికి రోషం కూడా లేదు. కారు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

"ఒకసారి బ్రేకు తొక్కు బావా."

సణుక్కుంటూ సీట్లో కూర్చుని తొక్కాను. "చూశావా నీ చోద్యం?"

"ఇంకోసారి."

"తొక్కే ఉంచానురా."

"వెనక లైట్లు వెలగట్లేదు బావా. పెడల్ దగ్గర స్విచ్ పోయింది. అది పోతే క్రూజ్ కూడా పట్టదు."

గుమ్మంలోంచి నా భార్య అడిగింది. "క్రూజ్ పోయి నెలయిందన్నారుగా. మా తమ్ముడు గుద్దింది పోయిన వారమేగా?"

 నేను బ్రేకు మీంచి కాలు తీయలేదు.