గట్టా, చెట్టా?

చేలో నీళ్లు పొంగుతున్నాయి. ఎలుకలన్నీ మునగచెట్టు ఎక్కేస్తున్నాయి. "వరదొస్తే చెట్టెక్కండి" అని మూడేళ్ల కిందటి వరదలో అవ్వెలుక చెప్పిన మాట అందరికీ నోటికొచ్చు మరి.

అవ్వ గట్టు మీంచి కేకేసింది. "చెట్టు కాదర్రా, గట్టన్నాను!"

"నీకు మతిమరుపు అవ్వా! ఇంతమందికి గుర్తున్నది తప్పవుతుందా?" అంది కొమ్మ మీంచి సుంచెలుక.

నిజమేనేమో అని అవ్వకే అనుమానమొచ్చింది. అయినా ఓపిగ్గా అడిగింది. "సరే, ఆనాడు ఏ చెట్టెక్కాం?"

"ఇదే! ఇదే!"

"ఇది నిరుడు నాటింది కదర్రా!"

ఎలుకలు ఆ సన్నటి మాను వంక చూసుకున్నాయి. అంతలో కొమ్మ ఫెళ్లుమంది. అన్నీ నీళ్లలోకి దూకి, ఈదుకుంటూ గట్టెక్కాయి.

ఒళ్లు ఆరకముందే సుంచెలుక పిల్లలకి చెబుతోంది. "అప్పుడు అవ్వ ఏమందీ? 'ప్రాణం తీపైతే గట్టెక్కండి' అంది!"

ఆ ప్రాణం తీపి సంగతి అవ్వ అననే లేదు. దిద్దబోయి ఆగింది. మాటలో గట్టైతే మిగిలింది కదా.