ఫోన్లో చెప్పిన మాత్రలు

ఆ పూట డాక్టరు చెయ్యాల్సిన పనులు మూడు: అక్కకి కడుపులో క్యాన్సరని చెప్పడం, సర్జన్ని పిలిపించడం, తన తప్పు ఒప్పుకోవడం. మొదటి రెండూ అయ్యాయి. మూడోది ఇంకా మిగిలే ఉంది.

"ఇంకా నిలబడ్డావేంట్రా? బయట నీ పేషెంట్లు కాచుక్కూర్చున్నారు," అంది మంచం మీదున్న అక్క.

"కడుపులో మంట అని ఫోన్ చేశావు కదక్కా, అప్పుడు..."

"మాత్రలు చెప్పావు. వేసుకున్నాను. తగ్గింది."

"మంట తగ్గింది, జబ్బు లోపలే పెరిగింది. ఇంకెవరైనా అయితే వెంటనే కడుపులోకి గొట్టం వేసి చూసేవాణ్ణి. మా అక్కకేమవుతుందిలే అనుకున్నాను. ఈ జబ్బుని ముందే ఎలా పట్టుకోవాలో ఊరూరా తిరిగి చెప్పేది నేనే!"

అక్క మంచం మీద లేచి కూర్చుంది.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నేను ఆ చెట్టునే నమ్ముకున్నాను," అంది.

"తిట్టక్కా."

"తిట్టించుకుని తేలికపడదామనా? ముందు పిన్నికి ఫోన్ చెయ్. తనకీ మంటగా ఉందంటే, మా తమ్ముడు చెప్పినవని అవే మాత్రలు ఇచ్చాను. ఇంకా మింగుతూనే ఉంది."

అప్పటిదాకా డాక్టరు తన తప్పు ఈ ఒక్క మంచం దగ్గరే ఆగిందనుకున్నాడు. అక్కడే ఫోన్ తీశాడు.

"రేపొకసారి ఆసుపత్రికి రా పిన్నీ."

"ఎందుకురా, శుభ్రంగా తగ్గిపోయిందిగా!" పిన్ని నవ్వింది.

"తగ్గినా రా."

మీ వాళ్లెవరైనా కడుపులో మంట అని ఫోన్లో చెబితే, ఒక్కసారి ఆ అక్కని తలుచుకోండి.