నేతగాడి ఇంటిపేరు

"మగ్గంలోకి దిగు గంగరాజూ! నీ చెయ్యి ఆడుతుంటే దొరగారు కళ్ళారా చూస్తారట" అన్నాడు చేనేత సంఘం ప్రెసిడెంటు నాగేశ్వరప్రసాద్.

గంగరాజుకి రెండు కళ్ళకీ పొర కమ్మి రెండేళ్ళయింది. అప్పట్నించీ ఆ ఇంట్లో చీరలు నేస్తున్నది పెళ్ళాం తలుపులమ్మ. ఆ సంగతి గడప దాటలేదు. సభ్యుడు తన చేత్తో నేయకపోతే నూలు ఆపేస్తామని ప్రెసిడెంటు మీటింగులో గట్టిగానే చెప్పి ఉన్నాడు మరి.

కాకినాడ ప్రదర్శనలో ఒక తెల్లచీర చూసి, దాన్ని నేసిన మనిషి కోసం ఈ ఇంగ్లండు దొర ఉప్పాడ దాకా వెతుక్కుంటూ వచ్చాడు. నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తాడట.

"ఒంట్లో నలతగా ఉందండి. రేపు నేస్తాను."

"రేపటికి ఆయన మద్రాసులో ఉంటాడయ్యా! చీర నేసినప్పుడు లేని నలత, చూపించమంటే వచ్చిందేంటి?"

దుబాసీగా వచ్చిన హైస్కూలు ఇంగ్లీషు మేష్టారు జోగేశ్వరరావు గారు కల్పించుకున్నారు. "భయపడకండి గంగరాజు గారూ. ఈయనా మీవాడే. ఇంటిపేరు వెబ్‌స్టర్. అంటే నేతపని చేసేవాళ్ళని. ఆ దేశంలో ఆరేడు వందల ఏళ్ళ కిందట ఎవరు చేసే పని వాళ్ళకి ఇంటిపేరై కూర్చుందట."

"అయితే దొరగారికి నేత వచ్చాండి?"

మేష్టారు అడిగారు. దొర నవ్వి, ఖాళీ చేతులు రెండూ చాపి చూపించాడు.

"రాదట. ముత్తాతల నాడే ఆవిరి యంత్రాలొచ్చి మగ్గాలు మూలపడ్డాయట. పని పోయింది, పేరు మిగిలింది అంటున్నారు."

"ఎంత గొప్పోళ్ళండీ!" అన్నాడు గంగరాజు మనస్ఫూర్తిగా. "చేతిలో నాడె లేకపోయినా పేరు విడిచిపెట్టలేదు. మావాళ్ళు గుమాస్తా ఉద్యోగం రాగానే ఇంట్లో మగ్గముందని చెప్పుకోడానికే నామోషీ పడుతున్నారు."

పని పోయి పేరు మిగిలినవాడు. తనలాంటివాడే. నేత తెలియని మనిషికి తన తప్పేం కనబడుతుంది? గంగరాజుకి ధైర్యం వచ్చింది. తడుముకుంటూ వెళ్ళి మగ్గం గుంటలోకి కాళ్ళు జార్చాడు.

మోకాళ్ళు టక్కున బట్ట చుట్టే కర్రకి తగిలాయి.

పాత ఇంటిని నిరుడు సముద్రం తినేశాక ఇక్కడికొచ్చి తవ్వించుకున్న కొత్త గుంట అది. తలుపులమ్మ పొట్టి మనిషి. ఆవిడ పాదం ఆనేంత లోతే తవ్వించారు. ఆరడుగుల గంగరాజు అందులోకి ఒక్కనాడూ దిగలేదు. ఆ మాటే మరిచిపోయాడు. కాళ్ళు ముడుచుకుని తొక్కబోతే చెక్క కిర్రుమంది. అడ్డదారం మోసే నాడెని విసిరితే దారి తప్పి నేలమీద దొర్లి, దొర బూటు దగ్గర ఆగింది.

"ఏంటయ్యా ఇది? మగ్గం నీదేనా, ఎరువు తెచ్చుకున్నావా?" అన్నాడు ప్రెసిడెంటు.

రాట్నం దగ్గర కండెలు చుడుతున్న తలుపులమ్మ చెయ్యి ఆగిపోయింది.

దొర గుంట పక్కన చతికిలబడ్డాడు. లోపలికి తొంగి చూశాడు. పైకి పొడుచుకొచ్చిన గంగరాజు మోకాళ్ళు చూశాడు. రాట్నం పక్కన ముడుచుకున్న తలుపులమ్మ చిన్న పాదాలు చూశాడు. లేచి, నాడె తీసి, రెండు చేతులతో ఆవిడకి అందించాడు. మేష్టారితో మెల్లగా ఏదో చెప్పాడు.

"ఏమంటున్నాడండీ? దొంగతనం కనిపెట్టేశాడా?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఏడాది పనీ ఈ మగ్గానికేనట. దారిలో మీరు చెప్పిన రూలు గుర్తుందట, నూలు ఆపొద్దని మిమ్మల్ని అడగమంటున్నారు."

"నేసింది ఇతను కాదని తెలుస్తూనే ఉంది కదండీ! ఆడమనిషి నేతకి ఏడాది పనేంటండీ? తనూ నేతగాళ్ళ జాతివాణ్ణేనని చెప్పుకున్నాడు, ఆ మాత్రం తెలీదా ఆయనకి?"

మేష్టారు తలుపులమ్మ వైపు తిరిగి, కండువా సర్దుకున్నారు.

"ఇందాక నేను సగమే చెప్పానటండి. వెబ్‌స్టర్ అని మొదట పిలిచింది నేసే ఆడవాళ్ళనేనట. మగాళ్ళు తరవాతెప్పుడో తగిలించుకున్నారట."