కొమ్మలకో కాపలా, నేలకో కాపలా

వాగు ఒడ్డున తుమ్మచెట్టుకు మొదట నాలుగే నాలుగు గిజిగాడి గూళ్లుండేవి. ఈ ఏడు నాలుగు వందలయ్యాయి. ఇన్నాళ్లూ చెట్టు కింద నేల మీద ఉండే తీతువు పిట్టే ఏ ఆపద వచ్చినా అరిచి అందరినీ హెచ్చరించేది. పెద్ద గిజిగాడు కిందికి వంగి, "తీతువక్కా, మా కాపలా మేమే పెట్టుకున్నాం. ఇక నీ పాడు అరుపులు ఆపు" అన్నాడు.

"కొమ్మలు మీవి, ఏలుకోండి నాయనా. నేల మీద మాత్రం నేను అరిచి తీరతాను" అంది తీతువు.

మర్నాడే గడ్డిలోంచి పాము వచ్చింది. చెట్టు మీది కాపలావాళ్లంతా డేగ కోసం ఆకాశంలోకే చూస్తున్నారు. తీతువు గొంతు చించుకుని అరిచింది. గిజిగాళ్లంతా ఒక్కసారిగా దిగి, పొడిచి పొడిచి పామును తరిమేశారు.

పెద్ద గిజిగాడు తలవంచుకుని వచ్చాడు. "ఇక కాపలా అంతా నువ్వే చూసుకో అక్కా."

"అంతా నాకెందుకు? పామొస్తే నేను అరుస్తా. డేగొస్తే మీరు కేకెయ్యండి. నా గుడ్లు ఆరుబయట నేల మీద ఉన్నాయి, పైనుంచి వచ్చే డేగ ముందు మీకే కనబడుతుంది."