కూతురి బండి

బండి వెనక సంచులు కట్టిన తాడును తండ్రి మళ్లీ విప్పాడు.

"పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టు ఎంతసేపు నాన్నా?" అని నవ్వింది కూతురు.

"బరువంతా ఒకే పక్కకుంటే మలుపుల్లో బండి లాగేస్తుందే." చెయిన్‌కు నూనె రాసి, టైర్లలో గాలి చూశాడు.

నీళ్ల సీసా అందిస్తూ తల్లి ఏదో చెప్పబోయింది. అతను కళ్లతోనే ఆపాడు.

"నెల తిరిగేసరికి వచ్చేస్తా," అంటూ కూతురు బయల్దేరింది.

బండి చప్పుడు వినబడనంత దూరం పోయాక, అతను ఛాతీ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. ఆపరేషన్‌కు ఇవాళే చేరతానని చెప్పు. దానికి మాత్రం చెప్పకు, నా మీద ఒట్టే. ఈ ప్రయాణం కోసం ఎన్నాళ్ల నుంచో కలలు కంటోంది. వింటే బండి వెనక్కి తిప్పేస్తుంది."

ఫోన్ చేతిలో పట్టుకుని, ఎవరికి చెయ్యాలో తెలియక ఆమె అలాగే నిలబడిపోయింది.