మూడు పల్లేరుకాయలు

బావ తొడ లోపలి వైపు బఠాణీ గింజంత సెగగడ్డ.

మధ్యలో నల్లటి చుక్క. గడ్డిగింజ దిగిన చోటు.

గోనెలు కుట్టే సూదితో ఆ గింజను గెలికి తీసింది నేనే. మాలో అదొక జబ్బు కాదు. గొర్రెను కాళ్ల మధ్య ఇరికించుకుని ఉన్ని కత్తిరించేవాడికి, ఆ ఉన్నిలోని గడ్డిగింజ ప్యాంటు దాటి ఒంట్లో దిగకపోతేనే వింత.

"ఒరేయ్, మెల్లగా! అవి చేతులా, డెక్కలా?" అన్నాడు డెస్ బావ.

"కదలకు బావా. రేపటి సూది ఇంతకంటే పెద్దది. వెన్నులో గుచ్చితే బొడ్డులోంచి బయటికొస్తుందట."

బావ నవ్వలేదు. ముప్పయ్యేళ్లు వంగి పనిచేసిన నడుము అతనిది. నొప్పి తగ్గడానికి వెన్నులో వేసే ఆ ఇంజెక్షను కోసం నాలుగు నెలలు కాచుకున్నాడు. సోమవారం బర్క్ ఊరి అవతల గొర్రెల షెడ్డులో కత్తిరింపు మొదలు. ఈసారి నిలబడలేకపోతే అతని చోటు ఇంకొకడికి ఇచ్చేస్తానని మేస్త్రీ చెప్పేశాడు.

ఆ షెడ్డుకి వంటవాణ్ని నేను. బావ భార్య నోలీన్ మా అక్క.

బుధవారం మూడు గంటలు బండి తోలుకుని టౌనుకి వెళ్లాం. క్లినిక్కులో నర్సు అట్ట మీద కాగితం పెట్టుకుని అడిగింది.

"రక్తం పల్చబడే మందులేమైనా వాడుతున్నారా?"

"లేదమ్మా."

"ఇంటికి తీసుకెళ్లడానికి మనిషున్నాడా? ఇవాళ మీరు బండి నడపకూడదు."

"ఇదిగో. మనిషనే అనుకో," అని బావ నన్ను చూపించాడు.

"ఒంట్లో ఎక్కడైనా పుండు, చీము గడ్డ, జ్వరం?"

బావ నా వంక చూశాడు.

గడ్డ సంగతి చెబితే వెనక్కి పంపేస్తారు. మళ్లీ నాలుగు నెలలు.

"మా బావకి ఒంట్లో ఏమీ లేదు సిస్టర్. ఉన్న జబ్బంతా బుర్రలోనే," అన్నాను.

ఆమె నవ్వుతూ టిక్కు పెట్టింది.

బోర్లా పడుకోబెట్టారట. ముందు తిమ్మిరి మందు చురుక్కుమందట. తర్వాత ఎక్స్‌రేలో చూసుకుంటూ అసలు సూది దింపారట. నొప్పి కాదు, ఎవరో లోపల బొటనవేలు పెట్టి అదిమినట్టుందన్నాడు.

బయటికొచ్చేసరికి ఎడమకాలు ఈడుస్తున్నాడు.

"సాయంత్రానికి సర్దుకుంటుంది," అంది నర్సు. "ఒకటి రెండు రోజులు ముఖం ఎర్రబడి వెచ్చగా ఉండొచ్చు, కంగారు పడకండి. కానీ చలిజ్వరం వచ్చినా, కాళ్లు మళ్లీ మొద్దుబారినా, ఒంటేలు ఆగిపోయినా అదే క్షణం పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆలస్యం చేస్తే కాళ్లు పోతాయి."

అదంతా రాసున్న కాగితం నా చేతికిచ్చింది.

దారంతా ఈగలు. ఆ కాగితాన్ని చుట్టి ఈగల్ని తోలాను.

శనివారం బావ నిటారుగా నడిచాడు. అక్కను నడుం పట్టుకుని వంటింట్లో ఒక చుట్టు తిప్పాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ అతన్ని తిట్టింది.

ఆదివారం నన్ను పక్కకి పిలిచింది.

"ఒరేయ్, ఈయన ముఖం చూడు. పొయ్యి మీద పెట్టిన పెనంలా ఉంది."

"ఇంజెక్షను రంగే అక్కా. నర్సే చెప్పింది. కొత్త పెళ్లికొడుకులా లేడూ?"

"ఎన్నాళ్లుంటుందంట?"

"ఉంటుందిలే."

కాగితం ఎక్కడ పడేశానో గుర్తు రాలేదు.

సోమవారం బావ పనిలో దిగాడు. నడుము మీద బరువు పడకుండా పైనుంచి వేలాడదీసిన పట్టీకి గుండె ఆనించి, కుర్రవాళ్లకి దీటుగా కత్తిరించాడు. మేస్త్రీ భుజం తట్టాడు.

మంగళవారం పొద్దున టీ వేళకే ఎండకి రేకుల షెడ్డు కాలిపోతోంది. బావ కోటు వేసుకుని, గుండీలు పెట్టుకుని, కప్పుని రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం బావా, దొర గారి ఉన్ని అంతా కోటు కింద కట్టుకుపోతున్నావా?"

షెడ్డంతా నవ్వింది. బావ పళ్లు టకటకమన్నాయి. నవ్వుతున్నాడనుకున్నాను.

లేచి నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఊరికే తిరిగొచ్చాడు.

"ట్యాంకు ఎండిపోయిందా బావా?"

"పొద్దుట్నుంచీ ఇంతే రా," అన్నాడు మెల్లగా.

మళ్లీ అందరూ నవ్వారు. ఈసారి నేను కొంచెం తక్కువ నవ్వాను.

మధ్యాహ్నం తిండి అయ్యాక అందరూ మెత్తటి ఉన్ని జోళ్లు విప్పి నేల మీద నడుం వాల్చారు. బావ కళ్లు మూసుకున్నాడు.

నేను బయటికెళ్లి, దొడ్డి పక్కన మూడు పల్లేరుకాయలు ఏరుకొచ్చాను. ఎండినవి, ఇనుప మేకుల్లాంటి ముళ్లున్నవి. అతని ఎడమ జోడులో వేశాను.

బావ తిట్లు వినాలనిపించింది. ఎందుకో ఆరోజు మరీ వినాలనిపించింది.

గంట కొట్టారు. సంగతి తెలిసినవాళ్లు మూతులు బిగించుకుని చూస్తున్నారు.

బావ ఎడమ జోడులో కాలు దూర్చాడు. వంగి, తాడు గట్టిగా బిగించి కట్టాడు.

లేచి నిలబడ్డాడు.

నడిచి వెళ్లి గొర్రెను పట్టుకొచ్చాడు. కాళ్ల మధ్య ఇరికించుకుని, కత్తిరింపు మిషను తాడు లాగాడు. పొట్ట ఉన్ని తీసి పక్కకి విసిరాడు.

పక్క మిషను ఆగింది. దాని పక్కది కూడా ఆగింది.

ఎడమ జోడు ముందు భాగం ఎర్రగా తడుస్తోంది.

"ఏంట్రా, అందరూ నా కాళ్ల వంక చూస్తారు?" అన్నాడు బావ, నవ్వుతూ.